మ్యాప్ వచ్చింది కదా అని నమ్మకండి: అభివృద్ధి పరిశోధనకు జీఐఎస్ నేర్చుకునే దారి

రిగ్రెషన్‌లో వేరియబుల్ పేరు తప్పు కొడితే సాఫ్ట్‌వేర్ ఎర్ర అక్షరాలతో అరుస్తుంది. జీఐఎస్‌లో, అంటే మ్యాపులతో లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్‌లో, ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదునైన మ్యాప్‌గా మార్చే పద్ధతి) తప్పు పెడితే చాలాసార్లు చప్పుడే ఉండదు. బుద్ధిగా ఒక అంకె ఇస్తుంది, దానికి తగ్గ రంగుల మ్యాప్ కూడా గీసి పెడుతుంది. ఆ అంకె ఎందుకూ పనికిరానిదని తెలిసేది ఆరు నెలల తర్వాత, ఎవరో సమీక్షకుడు అడిగినప్పుడు. అందుకే ఇక్కడ ఏ బటన్ ఎక్కడుందో ఎంత చెప్తామో, వచ్చిన జవాబును ఎలా అనుమానించాలో కూడా అంతే చెప్తాం.

చాలామంది తలకిందులుగా మొదలుపెడతారు. మొదటి రోజే జిల్లాలకు రంగులు వేస్తారు, కోఆర్డినేట్ల సంగతి ఏదైనా తేడా కొట్టాక చూస్తారు. సరైన వరుస దీనికి ఎదురు: ముందు కోఆర్డినేట్లు, ప్రొజెక్షన్, తర్వాత టేబుళ్లు కలపడం, ఆ తర్వాత రాస్టర్లు (గళ్లుగళ్లుగా ఉండే డేటా), గణాంకాలు. రంగులు ఆఖరున.

ఏ టూల్ పట్టుకోవాలి

క్యూజీఐఎస్‌తో మొదలుపెట్టండి. ఉచితం, ఓపెన్ సోర్స్, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. డౌన్‌లోడ్ చేసేటప్పుడు సరికొత్త వెర్షన్ కాకుండా లాంగ్ టర్మ్ రిలీజ్ అని ఉన్నది తీసుకోండి. కొత్త హంగులు తక్కువే గానీ, ప్రాజెక్టు మధ్యలో మొరాయించదు. ఆర్క్‌జీఐఎస్ లైసెన్సు ఇప్పటికే ఉంటే అదీ సరిపోతుంది, కింద చెప్పే విషయాలన్నీ దానికీ వర్తిస్తాయి.

దానికి తోడుగా స్క్రిప్టు రాసే భాష ఒకటి కావాలి. ఒకటే. మీరు రిగ్రెషన్లు ఆర్‌లో చేస్తుంటే ఎస్‌ఎఫ్, టెరా ప్యాకేజీలు. పైథాన్‌లో చేస్తుంటే జియోపాండాస్, రాస్టరియో. స్టాటా వాడేవాళ్లు దూరాలు, సగటుల లెక్క క్యూజీఐఎస్‌లో చేసి, ఫలితాన్ని మామూలు టేబుల్‌గా స్టాటాలోకి తెచ్చుకుంటే చాలు. ఉపగ్రహ చిత్రాలు ఏళ్ల తరబడివి కావాల్సి వచ్చినప్పుడు గూగుల్ ఎర్త్ ఇంజిన్, మోరాన్స్ ఐ (పొరుగు ప్రాంతాల విలువలు ఒకదాన్నొకటి ఎంత పోలి ఉన్నాయో చెప్పే అంకె) లాంటివి చేతితో ఆడుకుంటూ అర్థం చేసుకోవాలంటే జియోడా. అన్నీ ఒకే వారంలో ఇన్‌స్టాల్ చేసుకుని కూర్చుంటే మాత్రం ఏదీ ఒంటబట్టదు.

ఫోల్డర్ల సంగతి మొదట్లోనే తేల్చుకోండి. దించుకున్న ఫైళ్లు ఒక ఫోల్డర్‌లో, వాటిని ముట్టుకోకూడదు. మధ్యలో పుట్టేవి రెండోదానిలో, చివరి ఫలితాలు మూడోదానిలో. ఫోల్డర్ పేర్లలో ఖాళీలు వద్దు, ఇంగ్లిషేతర అక్షరాలు వద్దు. కొన్ని ప్రాసెసింగ్ టూల్స్ ఆ దారి చదవలేక కారణం చెప్పకుండా ఆగిపోతాయి.

ట్యుటోరియళ్లు వరసపెట్టి చూడటం కన్నా ఒక ప్రశ్నను పట్టుకుని దాని వెంట పడటం మేలు. ఇక్కడ ఇది తీసుకుందాం: సర్వే చేసిన ఒక్కో గ్రామం నుంచి దగ్గరి ఆరోగ్య కేంద్రం ఎంత దూరం, ఆ దూరం పెరిగేకొద్దీ ఆసుపత్రి కాన్పులు తగ్గుతున్నాయా? దీనికి నాలుగు లేయర్లు కావాలి. గ్రామాల జీపీఎస్ పాయింట్లు, ఆరోగ్య కేంద్రాల పాయింట్లు, జిల్లా సరిహద్దుల పాలిగాన్లు (గీతలతో మూసిన ఆకారాలు), జనాభా రాస్టర్. ఈ నాలుగింటితో కుస్తీ పడితే ఈ రంగంలో రోజూ ఎదురయ్యే పనుల్లో ఎక్కువ భాగం చేతికొచ్చేస్తాయి.

పాయింట్లు: మొదటి గంటలోనే దొరికే తప్పులు

సర్వే ఫైలు సీఎస్‌వీగా ఉంటుంది. క్యూజీఐఎస్‌లో లేయర్ మెనూ, అందులో యాడ్ లేయర్, అందులో యాడ్ డిలిమిటెడ్ టెక్స్ట్ లేయర్. ఎక్స్ అన్నచోట రేఖాంశం, వై అన్నచోట అక్షాంశం పెట్టాలి. నోటితో మనం అక్షాంశం ముందు చెప్పి రేఖాంశం తర్వాత చెప్తాం. సాఫ్ట్‌వేర్‌కు రేఖాంశం ముందు కావాలి. తారుమారు చేస్తే గ్రామాలన్నీ సముద్రంలోనో వేరే ఖండంలోనో తేలతాయి. అంత దూరం పోతే నయమే, వెంటనే కనిపిస్తుంది. అక్షాంశం, రేఖాంశం దగ్గరదగ్గరగా ఉండే ప్రాంతాల్లో తారుమారైన పాయింట్లు పక్క దేశంలో పడి, మొదటి చూపుకు బాగానే ఉన్నట్టు అనిపిస్తాయి.

కోఆర్డినేట్ రిఫరెన్స్ సిస్టమ్ (సీఆర్‌ఎస్, అంటే ఆ అంకెలు ఏ కొలత వ్యవస్థవో చెప్పేది) అడిగినచోట ఈపీఎస్‌జీ 4326 అనే కోడ్ ఎంచుకోండి. జీపీఎస్ ఇచ్చే డిగ్రీలు సాధారణంగా అందులోనే ఉంటాయి. పాయింట్లు తెర మీదికి వచ్చాక కింద ఒక బేస్‌మ్యాప్ వేసి, పది పాయింట్లను దగ్గరగా జూమ్ చేసి చూడండి. ఊరి మధ్యలో పడ్డాయా, చెరువులో పడ్డాయా? ఆఫ్రికా పడమటి తీరానికి దక్షిణంగా అట్లాంటిక్‌లో ఒక గుంపు కనిపిస్తే అవి సున్నా, సున్నా దగ్గర పడ్డ పాయింట్లు. జీపీఎస్ దొరకని చోట ఖాళీకి బదులు సున్నా నమోదైందన్నమాట. వాటిని మిస్సింగ్‌గా మార్చాలి.

వీటన్నిటికన్నా ప్రమాదమైంది ఇంకొకటి. 17 డిగ్రీల 30 నిమిషాలను దశాంశంలో రాస్తే 17.5. దాన్ని ఎవరైనా 17.30 అని కొట్టేస్తే పాయింటు 0.2 డిగ్రీలు, అంటే సుమారు 22 కిలోమీటర్లు జరిగిపోతుంది. ఒక అక్షాంశ డిగ్రీ దాదాపు 111 కిలోమీటర్లు మరి. పాయింటు ఆ జిల్లాలోనే ఉంటుంది, మ్యాప్ మీద అనుమానం రాదు, దూరాలన్నీ మాత్రం చెడిపోతాయి. కనిపెట్టడానికి ఒక చిట్కా: ఆ కాలమ్‌లో దశాంశ బిందువు తర్వాతి రెండంకెలను విడదీసి లెక్కపెట్టండి. 00 నుంచి 99 వరకు అన్నీ చెదురుగా ఉండాలి. 59 దాటి ఒక్కటీ లేదంటే అవి నిమిషాలు.

దశాంశ స్థానాలు కూడా చూడండి. ఐదు స్థానాలుంటే సుమారు ఒక మీటరు వరకు తేడా తెలుస్తుంది, రెండే ఉంటే కిలోమీటరు పైచిలుకు. ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేసిన ఫైలులో అంకెలు తెగిపోవడం మామూలే. ఓడీకే, కోబో లాంటి ఫోన్ సర్వేల్లో జీపీఎస్ ప్రశ్నకు నాలుగు కాలమ్‌లు వస్తాయి: అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, ఖచ్చితత్వం. చాలామంది నాలుగోదాన్ని పారేస్తారు. ఉంచుకోండి. అందులో 5 ఉంటే ఐదు మీటర్లలోపు అని ఫోన్ చెప్తున్నట్టు, 800 ఉంటే జీపీఎస్ కుదరక టవర్ సిగ్నల్‌తో అంచనా కట్టినట్టు.

ప్రొజెక్షన్: ఇక్కడ తొందరపడొద్దు

4326లో కొలమానం డిగ్రీ. అందులో ఉన్న లేయర్‌కు 5 అని బఫర్ (పాయింటు చుట్టూ గీసే హద్దు) ఇస్తే ఐదు కిలోమీటర్లు రావు, ఐదు డిగ్రీలు వస్తాయి. ఒక చిన్న దేశాన్ని మింగేసే వృత్తం. పోనీ డిగ్రీలను 111తో గుణించి సరిపెడదామంటే, రేఖాంశ డిగ్రీ భూమధ్యరేఖ దగ్గరే 111 కిలోమీటర్లు, ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ కుంచించుకుపోతుంది. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అందులో సగమే.

వెబ్ మ్యాపులు వాడే 3857లో కొలమానం మీటర్లని రాసి ఉంటుంది, దాన్ని చూసి మోసపోతారు. అక్కడ మీటరు భూమధ్యరేఖ దగ్గర మాత్రమే మీటరు. 20 డిగ్రీల అక్షాంశంలో పొడవులు ఆరు శాతం, వైశాల్యాలు 13 శాతం ఎక్కువ చూపిస్తుంది. 60 డిగ్రీల దగ్గర పొడవు రెట్టింపు, వైశాల్యం నాలుగింతలు. బేస్‌మ్యాప్ వేసినప్పుడు ప్రాజెక్టు తనంతట తానే 3857కు మారిపోవచ్చు. కింద కుడి మూల ఒకసారి చూసుకోండి.

ఒక జిల్లా, ఒక రాష్ట్రం స్థాయి పనికి మీటర్లలో కొలిచే యూటీఎం ప్రొజెక్షన్ బాగా సరిపోతుంది. భూగోళాన్ని ఆరేసి డిగ్రీల వెడల్పుతో 60 జోన్లుగా కోశారు. మీ జోన్ కట్టడం తేలిక: రేఖాంశానికి 180 కలపండి, 6తో భాగించండి, దశాంశం వదిలేసి 1 కలపండి. రేఖాంశం 38 అయితే 218ని 6తో భాగిస్తే 36.3, అంటే జోన్ 37. ఉత్తరార్ధగోళంలో కోడ్ 32637, దక్షిణంలో 32737. అధ్యయన ప్రాంతం రెండు మూడు జోన్లు దాటిపోతుంటే యూటీఎం వదిలేసి, వైశాల్యాల కోసం సమ వైశాల్య ప్రొజెక్షన్ వాడండి. దూరాలను ఎలిప్సాయిడ్ (ధ్రువాల దగ్గర కాస్త నొక్కిన గోళం) మీద లెక్కించండి.

ఇప్పుడు కొత్తవాళ్లందరూ కనీసం ఒక్కసారైనా పడే గుంట. లేయర్ మీద రైట్ క్లిక్ చేస్తే సెట్ లేయర్ సీఆర్‌ఎస్ కనిపిస్తుంది. అది అంకెలను మార్చదు, లేబుల్ మాత్రమే మారుస్తుంది. 38.2 డిగ్రీలు అని ఉన్న పాయింటుకు యూటీఎం లేబుల్ అంటిస్తే, అది 38.2 మీటర్లు అని సాఫ్ట్‌వేర్ నమ్ముతుంది. మీ గ్రామాలన్నీ కలిసి ఒక ఇంటి పెరడంత చోటులో ఇరుక్కుంటాయి. నిజంగా మార్చాలంటే ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లో రీప్రాజెక్ట్ లేయర్ నడపాలి, అది కొత్త ఫైలు ఇస్తుంది. లేబుల్ మార్చేది ఒక్క సందర్భంలోనే: ఫైలుతో పాటు రావాల్సిన, కోఆర్డినేట్ వ్యవస్థ రాసి ఉండే పీఆర్‌జే ఫైలు పోయి, అందులోని అంకెలు ఏ వ్యవస్థవో మీకు వేరే ఆధారంతో తెలిసినప్పుడు.

పాయింట్ల లేయర్లు రెండింటినీ, సరిహద్దులనూ ఒకే యూటీఎం జోన్‌లోకి రీప్రాజెక్ట్ చేసి జియోప్యాకేజ్ అనే ఫైలు రకంలో సేవ్ చేయండి. తర్వాత మెజర్ లైన్ టూల్‌తో మీకు దూరం తెలిసిన రెండు చోట్ల మధ్య కొలవండి. అర నిమిషం పని. ఇది దాటకుండా ముందుకు పోవద్దు.

సరిహద్దులు, పేర్లు, పోయే వరుసలు

సరిహద్దుల ఫైళ్లు గాడమ్‌లో, జియోబౌండరీస్‌లో దొరుకుతాయి, జనగణన విభాగాల దగ్గర కూడా ఉంటాయి. దించుకునే ముందు ఆ సరిహద్దులు ఏ సంవత్సరానివో చూసుకోండి. జిల్లాలు చీలుతుంటాయి. 2001 లెక్కలను ఈనాటి మ్యాప్ మీద పెడితే కొత్త జిల్లాలకు డేటా లేనట్టు, పాత జిల్లాల జనాభా హఠాత్తుగా సగమైనట్టు వస్తుంది. మీ అధ్యయన కాలంలోని తొలి ఏడాది సరిహద్దులను ఆధారంగా తీసుకుని, చీలిన ముక్కలను తల్లి జిల్లాలోకి తిరిగి కలపడం ఎక్కువ సందర్భాల్లో కుదిరే దారి. ఒక కొత్త జిల్లా రెండు పాత జిల్లాల నుంచి పుడితే ఆ మూడింటినీ కలిపి ఒకే యూనిట్ చేయాల్సి వస్తుంది. యూనిట్ల సంఖ్య తగ్గుతుంది గానీ పోలిక నిలబడుతుంది.

టేబుల్‌ను సరిహద్దులతో కలిపేటప్పుడు పేర్లను నమ్మొద్దు. ఒకే ఊరు పేరును ముగ్గురు ముగ్గురు రకాలుగా రాస్తారు, ఒకే పేరుతో ఊళ్లూ బోలెడు. కోడ్‌లతో కలపండి. అందులోనూ ఒక తిరకాసుంది: కోడ్ 07 ఎక్సెల్ గుండా వచ్చేసరికి 7 అయిపోతుంది. ఒక ఫైలులో టెక్స్ట్, ఇంకోదానిలో నంబర్ అయితే జాయిన్ నడిచినట్టే ఉంటుంది, కాలమ్ నిండా నల్ (ఖాళీ విలువ) వస్తుంది. సీఎస్‌వీ తెచ్చేటప్పుడే ఆ ఫీల్డ్ రకాన్ని టెక్స్ట్‌గా మార్చండి. కలిపాక నల్ వరుసలు ఎన్నో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. ఆ అంకె మీ పేపర్ అనుబంధంలోకి వెళ్లాలి.

షేప్‌ఫైల్ అనే ఫైలు రకాన్ని దించుకోవడానికే వాడండి, మీ పని దాచుకోవడానికి వద్దు. అది ఒక ఫైలు కాదు, ఎస్‌హెచ్‌పీ, ఎస్‌హెచ్‌ఎక్స్, డీబీఎఫ్, పీఆర్‌జే ఇలా ఒక గుంపు. ఒక్కటి పంపడం మర్చిపోతే మిగతావి నిరుపయోగం. కాలమ్ పేరుకు పది అక్షరాలే. ఇంగ్లిషులో పాపులేషన్ అనే మాటకే పది అయిపోతాయి, వెనకనున్న 2001, 2011 రెండూ తెగిపోయి ఏది ఏదో తెలియకుండా పోతుంది. తెలుగు పేర్లు ఎన్‌కోడింగ్ తేడాతో ప్రశ్నార్థకాలుగా మారడం కూడా తరచూ జరిగేదే. జియోప్యాకేజ్‌కు ఈ బాధలు లేవు.

పాలిగాన్ల మీద ఏ పని మొదలుపెట్టినా ముందు ఫిక్స్ జియోమెట్రీస్ ఒకసారి నడపండి. తనను తానే దాటుకునే గీతలు ఉన్న పాలిగాన్ దగ్గర టూల్ ఆగిపోతుంది, లేదా దాన్ని వదిలేసి ముందుకెళ్తుంది. ఆగిపోవడమే మనకు మేలు.

దూరం కొలవడం

జాయిన్ ఆట్రిబ్యూట్స్ బై నియరెస్ట్ టూల్ తెరవండి. మొదటి లేయర్ గ్రామాలు, రెండోది ఆరోగ్య కేంద్రాలు, నియరెస్ట్ నైబర్స్ 1. ఫలితంలో దూరం ఒక కొత్త కాలమ్‌గా వస్తుంది, మీటర్లలో. 412 గ్రామాలు ఇస్తే 412 వరుసలే రావాలి. 415 వస్తే మూడు గ్రామాలకు సమాన దూరంలో రెండేసి కేంద్రాలున్నాయని అర్థం. తరచూ ఇది ఒకే కేంద్రం జాబితాలో రెండుసార్లు ఉండటం వల్లే. వచ్చిన దూరాల్లో కనిష్ఠం, గరిష్ఠం చూడండి. కనిష్ఠం సరిగ్గా సున్నా అయితే ఎవరో గ్రామం కోఆర్డినేట్లనే కేంద్రానికీ కాపీ చేశారేమో.

ఆరోగ్య కేంద్రాల జాబితాను జిల్లా హద్దు దగ్గర కత్తిరించకండి. హద్దు పక్కనున్న ఊరివాళ్లు పక్క జిల్లా కేంద్రానికే వెళ్తారు, రోగానికి జిల్లాలు తెలియవు. అధ్యయన ప్రాంతానికి చుట్టూ ఇరవై ముప్పై కిలోమీటర్ల దాకా కేంద్రాలను ఉంచితే హద్దు ఊళ్ల దూరాలు కృత్రిమంగా పెరగవు.

ఇది గాలిలో గీసిన దూరం. మధ్యలో నది ఉంటే మూడు కిలోమీటర్లే ముప్పై అవుతాయి. ప్రయాణ సమయం కావాలంటే రెండు దారులున్నాయి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ రోడ్ల మీద నెట్‌వర్క్ లెక్క కట్టడం ఒకటి. మలేరియా అట్లాస్ ప్రాజెక్ట్ వాళ్ల ఫ్రిక్షన్ సర్ఫేస్ రెండోది; దాదాపు ఒక కిలోమీటరు గళ్లు, ఒక్కో గడిలో ఒక మీటరు దాటడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో అందులో ఉంటుంది. మొదటిదానిలో చిక్కేమిటంటే, మ్యాప్‌లో రోడ్డు లేదంటే అక్కడ రోడ్డు లేదని కాదు, ఎవరూ గీయలేదనీ కావొచ్చు. పేద ప్రాంతాల్లో గీసినవి తక్కువ ఉంటే, పేదరికానికీ రోడ్లకూ మీరు చూపించే సంబంధంలో కొంత భాగం మ్యాపింగ్ వలంటీర్ల సంబంధమే అవుతుంది.

డీహెచ్‌ఎస్ అని పిలిచే డెమోగ్రాఫిక్ అండ్ హెల్త్ సర్వేల పాయింట్లు వాడుతుంటే ఇంకో జాగ్రత్త. కుటుంబాల గోప్యత కోసం వాటిని కావాలనే జరుపుతారు. పట్టణ క్లస్టర్లను 2 కిలోమీటర్ల వరకు, గ్రామీణ క్లస్టర్లను 5 కిలోమీటర్ల వరకు, గ్రామీణంలో ఒక శాతాన్ని 10 కిలోమీటర్ల వరకు. అలాంటి పాయింటుకు దగ్గరి ఆసుపత్రి ఏదో పేరుతో సహా తేల్చడం అర్థంలేని పని. చుట్టూ 5 కిలోమీటర్ల బఫర్ గీసి అందులో కేంద్రాల సంఖ్యో, రాస్టర్ సగటో తీసుకోవడం దానికన్నా నిజాయతీ గల కొలత. జరపడం వల్ల వచ్చే పొరపాటు సాధారణంగా అంచనాను సున్నా వైపు లాగుతుంది. ప్రభావం కనిపించలేదంటే అది కారణం కావొచ్చు.

మీ సొంత సర్వే అయితే ఆ గోప్యత బాధ్యత మీదే. ఇంటి కోఆర్డినేట్లను మిగతా జవాబుల నుంచి విడదీసి, తాళం వేసిన వేరే ఫైలులో ఉంచండి. దూరాలు లెక్కగట్టాక విశ్లేషణ ఫైలులోకి దూరం మాత్రమే రావాలి, పాయింటు రాకూడదు.

రాస్టర్లు: ఒక్కో గడిలో ఏముందో తెలుసుకుని ముట్టుకోండి

జోనల్ స్టాటిస్టిక్స్ టూల్ ఒక్కో పాలిగాన్ లోపలి పిక్సెళ్లను మొత్తమో సగటో చేసి ఇస్తుంది. ఏది అడగాలన్నది పిక్సెల్ అర్థాన్ని బట్టి. వరల్డ్‌పాప్ జనాభా రాస్టర్‌లో ఒక్కో గడిలో మనుషుల సంఖ్య ఉంటుంది కాబట్టి మొత్తం. వర్షపాతానికి సగటు. జనాభా రాస్టర్ గడి సైజు మార్చాలంటే మామూలు బైలీనియర్ రీశాంప్లింగ్ (పక్క గళ్ల విలువల సగటుతో కొత్త గడి నింపడం) వాడొద్దు, అది మనుషులను పుట్టిస్తుంది లేదా మాయం చేస్తుంది. మార్చే ముందూ తర్వాతా మొత్తం కూడి చూసుకోండి. డేటా లేని గడికి మైనస్ 9999 లాంటి అంకె పెట్టి ఉంటుంది. దాన్ని నోడేటాగా ప్రకటించకపోతే తీరప్రాంత జిల్లాల సగటు వర్షపాతం రుణసంఖ్యలోకి పోతుంది. పూర్తిగా రుణమైతే పట్టుకుంటారు. నాలుగు గళ్లే కలిసి సగటును కాస్త తగ్గిస్తే పట్టుకోవడం కష్టం.

వర్షపాతానికి చిర్ప్స్ అనే రాస్టర్ డేటా బాగా వాడుకలో ఉంది: 1981 నుంచి, 0.05 డిగ్రీల గళ్లు, అంటే సుమారు ఐదున్నర కిలోమీటర్లు. గ్రామం పాలిగాన్ ఆ గడికన్నా చిన్నది. పక్కపక్క ఊళ్లకు ఒకే విలువ వస్తుంది, దాన్ని గ్రామ స్థాయి వర్షపాతం అని పిలిస్తే ఎక్కువ చెప్పినట్టే. పైగా జిల్లాలో సగం అడవైతే జిల్లా సగటు వర్షం అడవి మీద కురిసింది కూడా కలిపి. పంటల ప్రశ్నకైతే సాగు భూమితో తూకం వేసిన సగటు, మనుషుల ప్రశ్నకైతే జనాభాతో తూకం వేసిన సగటు తీసుకోండి.

రాత్రి వెలుగుల డేటా ఆర్థికవేత్తలకు మహా ఇష్టం. డీఎంఎస్‌పీ, విర్స్ అని రెండు తరాల ఉపగ్రహ డేటా ఉంది, వాటిని అతికించే ముందు ఆలోచించాలి. డీఎంఎస్‌పీ 1992 నుంచి 2013 వరకు. విలువలు 0 నుంచి 63 వరకే, అందుకే నగరం నడిబొడ్డు 63 దగ్గర ఆగిపోతుంది, అభివృద్ధి ఎంత జరిగినా పెరగదు. విర్స్ 2012 నుంచి. గళ్లు చిన్నవి, పైహద్దు లేదు, కొలమానమే వేరు. రెండింటినీ ఒక వరుసగా పేర్చి 2013 దగ్గర వచ్చిన మార్పును విధాన ప్రభావం అనుకోవద్దు, ఆ మార్పు ఉపగ్రహానిది. విర్స్ సెన్సర్ 500 నానోమీటర్ల కన్నా తక్కువ తరంగదైర్ఘ్యాన్ని చూడదు కాబట్టి, సోడియం దీపాల స్థానంలో తెల్లటి ఎల్‌ఈడీలు పెట్టిన ఊరు దానికి మసకబారినట్టు కనిపించవచ్చు.

తలసరి వెలుగు లెక్కించేవాళ్లకు ఇంకో మాట. వరల్డ్‌పాప్ లాంటి నమూనా ఆధారిత జనాభా రాస్టర్లు మనుషులను గళ్లలోకి పంచడానికి రాత్రి వెలుగులను కూడా ఆధారంగా తీసుకుంటాయి. ఆ జనాభాతో వెలుగును భాగిస్తే పాము తన తోకనే మింగినట్టు. ఇలాంటి చోట సహాయక డేటా లేకుండా జనగణన లెక్కను పాలిగాన్‌లో సమంగా పంచే గ్రిడెడ్ పాపులేషన్ ఆఫ్ ది వరల్డ్ లాంటిది వాడాలి. ముతకగా ఉంటుంది, కానీ వలయం ఉండదు.

పంటల పచ్చదనం కోసం సెంటినెల్ 2 ఉపగ్రహ చిత్రాల ఎనిమిదో, నాలుగో బ్యాండ్ల తేడాను వాటి మొత్తంతో భాగిస్తే ఎన్‌డీవీఐ అనే పచ్చదనం సూచిక వస్తుంది, పది మీటర్ల గడితో. 2022 జనవరి 25 నుంచి తయారైన చిత్రాల విలువలకు 1000 కలిపి ఇస్తున్నారు. దాన్ని తీసేయకపోతే ఆ ఏడాది నుంచి పచ్చదనం ఉత్తినే పడిపోయినట్టు వస్తుంది. ఎర్త్ ఇంజిన్‌లో హార్మనైజ్డ్ అని ఉన్న సేకరణ ఈ దిద్దుబాటు చేసి ఇస్తుంది. అక్కడే ఇంకో మూగ తప్పు: చాలా చిత్రాలను కలిపి ఒకటిగా చేశాక సగటు అడిగేటప్పుడు స్కేల్ చెప్పకపోతే, అది ఒక డిగ్రీ గళ్లతో లెక్క కట్టేస్తుంది. జిల్లా మొత్తానికి ఒకటో రెండో గళ్లు. స్కేల్ ఎప్పుడూ మీటర్లలో మీరే రాయండి.

గణాంకాల దగ్గర

దగ్గరున్నవి ఒకదాన్నొకటి పోలి ఉంటాయన్నది వాల్డో టోబ్లర్ 1970లో సూత్రంలా చెప్పిన మాట. దీనివల్ల 400 గ్రామాలు 400 స్వతంత్ర సాక్ష్యాలు కావు. మామూలు ప్రామాణిక దోషాలు అసలుకన్నా చిన్నగా వచ్చి, లేని ప్రభావానికి గణాంకపరంగా ముఖ్యమని చెప్పే నక్షత్రాలు పెట్టిస్తాయి. రిగ్రెషన్ చేశాక మిగులు విలువల (మోడల్ వివరించలేక వదిలేసిన భాగం) మీద మోరాన్స్ ఐ లెక్కించండి. ముడి వేరియబుల్ మీద కాదు, మిగుళ్ల మీద. ఇంకా గుంపులు కనిపిస్తుంటే 1999లో కాన్లీ ప్రతిపాదించిన ప్రామాణిక దోషాలు వాడండి. ఎంత దూరం వరకు సంబంధం ఉందనుకోవాలో మీరే చెప్పాలి కాబట్టి 25, 50, 100, 200 కిలోమీటర్లతో నాలుగుసార్లు నడిపి నాలుగూ చూపించండి. ఒక్కటే చూపిస్తే నచ్చింది ఎంచుకున్నారని అనుకుంటారు, అనుకోవడంలో తప్పూ లేదు.

మోరాన్స్ ఐకి ఎవరు ఎవరికి పొరుగో చెప్పే మాతృక కావాలి. హద్దు తాకితే పొరుగు అంటే దీవులకు పొరుగువాళ్లు ఉండరు, సాఫ్ట్‌వేర్ వాటిని తన పద్ధతిలో సర్దేస్తుంది. దగ్గరి నాలుగైదు యూనిట్లను పొరుగుగా తీసుకుంటే ఆ చిక్కు లేదు. 999 పర్ముటేషన్లతో (విలువలను యాదృచ్ఛికంగా 999 సార్లు కలగలపడంతో) వచ్చే అతి చిన్న పీ విలువ 0.001, అంతకన్నా తక్కువ రాయకండి. ఇక హాట్‌స్పాట్ మ్యాపులు (ఎక్కువ విలువలు గుంపుగా ఉన్న చోట్లు చూపేవి) అవసరానికి మించి వాడుతున్నారన్నది మా అభిప్రాయం. 500 జిల్లాలకు ఒక్కోదానికి ఒక పరీక్ష అంటే 500 పరీక్షలు, అసలేమీ లేకున్నా 5 శాతం స్థాయిలో పాతిక ఎర్రగా వెలుగుతాయి.

హద్దులు మార్చితే ఫలితం మారుతుంది. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఉన్న 99 కౌంటీలను రకరకాలుగా గుంపులు కట్టి, ఒకే రెండు వేరియబుళ్ల మధ్య దాదాపు ఏ సహసంబంధాన్నైనా రాబట్టవచ్చని ఓపెన్‌షా, టేలర్ 1979లో చూపించారు. కాబట్టి మండల స్థాయిలో చేసినదాన్ని జిల్లా స్థాయిలో కూడా చేసి చూడండి. జిల్లా సగటుల నుంచి మనుషుల గురించి చెప్పడం ఇంకా పెద్ద తప్పు. అమెరికా 1930 జనగణనలో విదేశాల్లో పుట్టడానికీ నిరక్షరాస్యతకూ వ్యక్తుల స్థాయిలో సహసంబంధం 0.12, రాష్ట్రాల స్థాయిలో మైనస్ 0.53 అని రాబిన్సన్ 1950లో లెక్కతేల్చాడు. గుర్తే తిరగబడింది. వలస వచ్చినవాళ్లు అక్షరాస్యత ఎక్కువున్న రాష్ట్రాల్లో స్థిరపడటమే కారణం.

మ్యాప్ గీయడం

ఇది త్వరగా చెప్పొచ్చు. పాలిగాన్లకు రంగు వేసేది రేటుకే, సంఖ్యకు కాదు. కాన్పుల సంఖ్యకు రంగు వేస్తే అది జనాభా మ్యాపే అవుతుంది. సంఖ్య చూపాలంటే వృత్తాలు వాడండి. ఐదు తరగతులు చాలు. క్వాంటైల్ పద్ధతి (ఒక్కో తరగతిలో సమాన సంఖ్యలో యూనిట్లు పెట్టేది) ప్రతి మ్యాప్‌నూ సమంగా రంగులద్ది నాటకీయం చేస్తుంది, తేడా రెండు శాతమే ఉన్నా సరే. రెండు సంవత్సరాలను పోలుస్తుంటే రెండింటికీ తరగతుల హద్దులు ఒకటే ఉండాలి. డేటా లేని చోటు బూడిద రంగు, సున్నా ఉన్న చోటు లేత రంగు, ఆ రెండూ ఒకేలా కనిపించకూడదు. రంగుల ఎంపికకు కలర్‌బ్రూవర్ పట్టీలు క్యూజీఐఎస్‌లోనే ఉన్నాయి. ఎరుపు ఆకుపచ్చ జంట మాత్రం వద్దు, రంగుల తేడా తెలియని పాఠకులకు రెండూ ఒకటే. పన్నెండు మందిని అడిగి లెక్కించిన జిల్లా రేటును పన్నెండు వందల మందిని అడిగిన జిల్లా పక్కన అదే ధీమాతో రంగు వేయకండి.

స్క్రిప్టులో మళ్లీ చేయడం

మౌస్‌తో మొత్తం ఒకసారి పూర్తయ్యాక అదే పనిని ఆర్‌లోనో పైథాన్‌లోనో మొదటి నుంచి రాయండి. క్యూజీఐఎస్ ప్రాసెసింగ్ హిస్టరీలో మీరు నడిపిన ప్రతి టూల్, ఇచ్చిన ప్రతి విలువ ఉంటాయి, దాన్ని చూస్తూ రాయొచ్చు. తర్వాత గ్రామాల దూరాలు రెండు కాలమ్‌లుగా పక్కపక్కన పెట్టి తేడా తీయండి.

రెండింట్లో యూటీఎం లేయర్లే ఇచ్చి ఉంటే తేడా మిల్లీమీటర్లలో ఉండాలి. ఆర్‌లో డిగ్రీల లేయర్ ఇచ్చి ఉంటే ఎస్‌ఎఫ్ 1.0 వెర్షన్ నుంచి గోళం మీద లెక్కిస్తుంది. క్యూజీఐఎస్ అంకెకు అర శాతంలోపు తేడా రావచ్చు, కంగారు అక్కర్లేదు. పైథాన్‌లో దూరాలు 0.03, 0.11 ఇలా వస్తే జియోపాండాస్ డిగ్రీల్లో కొలిచింది, హెచ్చరిక కూడా ఇచ్చే ఉంటుంది, పైకి స్క్రోల్ చేయండి. ఎక్కువ గ్రామాలకు సరిపోయి ఐదారింటికి మాత్రం కిలోమీటర్ల తేడా ఉంటే, మొదటిసారి చేసినప్పుడు చేత్తో జరిపి దిద్దిన పాయింట్లు అవే. ఆ దిద్దుబాట్లను గ్రామం కోడ్, పాత విలువ, కొత్త విలువ, కారణం అనే నాలుగు కాలమ్‌ల సీఎస్‌వీలో రాసి, స్క్రిప్టు దాన్ని చదివేలా పెట్టండి.